ఓడుటకు సిద్ధపడిన సిద్ధాంతము

బోరు పాయింటు మొదలు జ్వాలాపురపు బూడిద వరకు: శాస్త్రమును గుర్తించుటెట్లు?

పులివెందుల ప్రాంతమున కన్నులయెదుట చీనీతోట యెండిపోవుచుండగా అప్పుచేసి బోరు వేయింపబూనిన రైతు, బోరుబండిని పిలుచుటకు ముందు పాయింటు చూచువానిని పిలుచును. అరచేత పరుండబెట్టిన కొబ్బరికాయ నిక్కినచోటనో, పంగల వేపపుల్ల వంగినచోటనో గుర్తు పెట్టుదురు. జల పడినచో ఆ కీర్తి పాయింటు చూపినవానిది. పడనిచో “ఇంకో నూరడుగులు దింపింటే పడేది” అనియో, “జల పక్కకు జారిపోయింది” అనియో సమాధానము సిద్ధముగా నుండును. ఫలితమేదైనను ఓటమి యెరుగని యీ విద్యను శాస్త్రమనవచ్చునా?

ఫలించుటయే శాస్త్రలక్షణమైనచో అనవలసినదే, ఏలయన నిది పలుమార్లు ఫలించుచునేయున్నది. కాని మన నేలలో గట్టిరాతి పగుళ్లయందును సున్నపురాతి సందులయందును నీరు నిలుచును గనుక, తగినంత లోతు దింపినచో కొన్నిచోట్ల ఎవరు చూపినను జల పడును. ఏ సంఘటన జరిగినచో తాను అసత్యమని తేలునో ముందుగా చెప్పగలిగినదే శాస్త్రీయ సిద్ధాంతమని తత్త్వవేత్త కార్ల్ పాపర్ 1934లో ప్రకటించిన గ్రంథమున ప్రతిపాదించెను. అట్టి పరీక్ష యొకటి జరిగినది: 1990లో జర్మనీలోని కాసెల్‌లో, పాతిపెట్టిన గొట్టమున నీరు పారుచున్నదో లేదో చెప్పుటకు ధైర్యముగా నంగీకరించిన జలాన్వేషకుల ఫలితములు యాదృచ్ఛికమును మించలేదు.

ప్రాచీనత దోషము కాదు

ఆరవ శతాబ్దివాడైన వరాహమిహిరుడు బృహత్సంహితలోని దకార్గళాధ్యాయమున, ఏ చెట్టు చెంత పుట్ట యున్నచో ఏ దిక్కున, ఎన్ని మూరల దూరమున, ఎన్ని పురుషప్రమాణముల లోతున నీరుండునో లెక్కకట్టి చెప్పెను. ఆ మాట తప్పు కావచ్చును. కాని గడ్డపార పట్టినవాడెవడైనను దానిని పరీక్షింపవచ్చును. దిక్కును, దూరమును, లోతును వ్రాసి యిచ్చిన యా పూర్వికుడు, ఏమియు వ్రాసియీయని నేటివానికంటె శాస్త్రమునకు సన్నిహితుడు.

జ్వాలాపురపు బూడిద

పరీక్షకు నిలిచి దెబ్బతిన్న సిద్ధాంతమునకు ఉదాహరణము మన చెంతనే యున్నది. సుమారు 74,000 సంవత్సరముల క్రిందట సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతము వెదజల్లిన బూడిద, బనగానపల్లె ప్రాంతమున జుర్రేరు లోయలోని జ్వాలాపురమందు నేటికిని పొరగా నున్నది. ఆ విస్ఫోటనమువలన లోకము చల్లబడి మానవజాతి యించుమించు నశించెనని కొందరు శాస్త్రజ్ఞులు ప్రతిపాదించిరి. అదియే నిజమైనచో ఆ పొరకు పైన పనిముట్ల పరంపర తెగియుండవలయును. పురాతత్త్వవేత్తలైన మైకేల్ పెట్రాగ్లియా, రవి కోరిశెట్టర్ ప్రభృతులు త్రవ్విచూచి, పొరకు క్రిందను పైనను దొరకిన రాతి పనిముట్లు మిక్కిలి సదృశములని 2007లో ప్రకటించిరి. వానిని చేసినవారెవరను వివాదము మిగిలియున్నను, మహావినాశవాదమునకు అది గట్టి దెబ్బ. అయినను దెబ్బతిన్న యా వాదము శాస్త్రమే, ఏలయన తన్ను ఓడింపదగిన సాక్ష్య మెట్టిదో అది దాచుకొనలేదు. అదృష్టవశమున నిజమైన మాట అశాస్త్రీయము కావచ్చును. పరీక్షకు నిలిచి యోడిన మాట శాస్త్రీయము కావచ్చును.

కావున బోరు పాయింటును సయితము పరీక్షకు నిలుపుటకై ప్రతి గ్రామ పంచాయతీయు ఒక బోర్ల పుస్తకము నుంచవలయును. పాయింటు చూపినవారెవరు, చెప్పిన లోతెంత, నీరెంత యను సంగతులు బోరుబండి రాకముందే అందు వ్రాయవలయును. ఫలితమును పిమ్మట చేర్చవలయును. యంత్రము చేతబట్టిన భూభౌతిక నిపుణునికిని ఈ నియమమే వర్తించును, యంత్రమున్నంతమాత్రమున మాట శాస్త్రము కాజాలదు. జల పడిన బోర్లతో సమానముగా ఎండిన బోర్లను వ్రాసిననాడే, ఎవరి మాట నమ్మి అప్పు చేయవచ్చునో రైతు తనంతట తాను నిర్ణయించుకొనగలుగును.