మీకు తెలుసా? చేలోని సెన్సర్లకు చీమలు, మిణుగురులే గురువులు

ఎర్రుపాలెంలో మిర్చి చేను గట్టు మీద చీమల బారుకు ఓ పుల్ల అడ్డం పెట్టి చూడండి. కాసేపు చెల్లాచెదురవుతాయి, అంతలోనే పక్కదారి పట్టి మళ్లీ బారు కడతాయి. నడిపించే నాయకుడంటూ ఎవరూ ఉండరు. ఈ నేర్పునే శాస్త్రవేత్తలు యంత్రాలకు నేర్పుతున్నారు.

● చీమలు నడిచిన దారిలో ఫెరోమోన్ అనే రసాయనాన్ని వదులుతాయి. దగ్గరి దారిలో దాని వాసన చిక్కబడుతుంది, వాడని దారిలో ఆవిరైపోతుంది. 1992లో పరిశోధకుడు మార్కో డొరిగో దీన్ని కంప్యూటర్ పద్ధతిగా మలిచారు. 1998లో జాన్ని డి కారోతో కలిసి నెట్‌వర్కుల కోసం ‘యాంట్‌నెట్’ను ప్రకటించారు. ఒక లింకు తెగితే డేటా మరో దారి వెతుక్కుంటుంది.

● గింజలతో తిరిగొచ్చే చీమలు పెరిగితే పుట్టలోంచి బయల్దేరేవీ పెరుగుతాయి. రాక తగ్గితే పోక కూడా తగ్గుతుంది. ఇంటర్నెట్‌లో డేటా వేగాన్ని సర్దే టీసీపీ పద్ధతీ ఇలాంటిదేనని 2012లో స్టాన్‌ఫర్డ్‌కు చెందిన డెబొరా గోర్డన్, బాలాజీ ప్రభాకర్ బృందం చూపించింది.

● కొన్ని జాతుల మిణుగురులు పక్కవాటిని చూసి ఒకేసారి వెలుగుతాయి. ఆ సూత్రంతోనే 2005లో హార్వర్డ్ పరిశోధకులు వైర్‌లెస్ సెన్సర్లను ఒకే లయలో పనిచేయించారు.

చేలో తేమ కొలిచే సెన్సర్లకు బ్యాటరీ తక్కువ, సిగ్నల్ అంతంతమాత్రం. అందుకే అక్కడ ఈ నేర్పు ఎంతో అవసరం. మీరు అలాంటివి కొనేటప్పుడు, ఒకటి పాడైతే మిగతావి తమంతట తామే సర్దుకుంటాయా అని తప్పక అడగండి.