మీకు తెలుసా? గ్రాఫిక్స్ కార్డు వేడి గది నుంచే మొదలవుతుంది

గ్రాఫిక్స్ కార్డు లాగే కరెంటంతా చివరికి వేడిగానే బయటికొస్తుంది. 200 వాట్ల కార్డుతో ఐదు గంటలు ఆడితే ఒక యూనిట్ ఖర్చవుతుంది, ఆ వేడంతా గదిలోకే వస్తుంది. ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 4090 ఒక్కటే 450 వాట్ల దాకా లాగుతుంది. అందుకే ఎండలు మండే భీమ్‌గల్‌లాంటి చోట కార్డు కొనేవాళ్లు ముందు వాట్లు అడగాలి, పేరు తర్వాత.

కార్డు ఫ్యాన్లు గాలిని చల్లబరచవు, గదిలో ఉన్న గాలినే తోస్తాయి. ఫ్యాన్ల వేగం మారకపోతే, గది ఎన్ని డిగ్రీలు పెరిగితే కార్డూ దాదాపు అన్ని డిగ్రీలు పెరుగుతుంది. 30 డిగ్రీల గదిలో 75 దగ్గర నిలిచిన కార్డు, వైశాఖ మధ్యాహ్నం 42 డిగ్రీల రేకుల గదిలో 87కి చేరుతుంది. ఆర్‌టీఎక్స్ 4060కి ఎన్విడియా పెట్టిన గరిష్ఠ హద్దు 90. దాన్ని సమీపించగానే చిప్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది, ఆట ఆగి ఆగి నడుస్తుంది. నెట్ స్లో అయిందనుకుని రూటర్ ఆపి వేసే పిల్లలు ముందు కార్డు ఎంత వేడెక్కిందో చూడాలి.

వాట్ల లెక్కకొస్తే, ఆర్‌టీఎక్స్ 3060కి 170 వాట్లు, 4060కి 115 వాట్లు. చాలా ఆటల్లో 4060దే పైచేయి. మెమరీ మాత్రం 3060లో 12 జీబీ, 4060లో 8 జీబీ. 1080పీ మానిటర్ ఉన్నవాళ్లకు నేనైతే 4060 వైపే చెబుతాను. మెమరీ చాలకపోతే ఆటలో సెట్టింగులు తగ్గించుకోవచ్చు, ఎండను తగ్గించుకోలేం కదా!

భీమ్‌గల్ వైపు ఎండకు ముందే వచ్చేది పసుపు దుమ్ము. మాఘ ఫాల్గుణాల్లో ఉడికించి ఆరబెట్టిన కొమ్ములను పాలిష్ డ్రమ్ములో తిప్పుతుంటే పైపొట్టు సన్నని పొడిగా లేస్తుంది. కిటికీలోంచి వచ్చిన ఆ పొడిని కార్డు ఫ్యాను లోపలికి లాగి అల్యూమినియం రేకుల సందుల్లో చేరుస్తుంది. పైకి ఫ్యాను శుభ్రంగానే కనిపిస్తుంది. టార్చి వేసి సందుల్లోకి చూస్తేనే పేరుకున్న పొర తెలుస్తుంది. పాలిష్ పనులు ముగియగానే ప్లగ్ పీకి, కంప్యూటర్‌ను ఆరుబయట పెట్టి, మెత్తటి బ్రష్షుతో, బ్లోయర్‌తో దులపండి. ఫ్యాను రెక్కను వేలితో కదలకుండా పట్టుకోండి. బ్లోయర్ గాలికి అది గిర్రున తిరిగితే బేరింగ్ పాడవుతుంది.

పక్క డోరు తీసేసి కూలర్‌ను ఎదురుగా పెట్టడం మాత్రం వద్దు. తేమకు దుమ్ము అట్టకడుతుంది, నీటి తుంపర బోర్డు మీద పడితే షార్ట్ అయ్యే ప్రమాదమూ ఉంది. కిటికీ తెరిచి కూలర్‌తో గదిని చల్లబరచండి. 60 హెర్ట్జ్ మానిటర్ అయితే ఫ్రేములను 60కే కట్టేయండి, మానిటర్ చూపించలేని ఫ్రేములకు కరెంటు ఎందుకు? ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ ఉచితం, ఏ కంపెనీ కార్డుకైనా పనిచేస్తుంది. అందులో పవర్ లిమిట్ 80 శాతానికి దించితే వేడి బాగా తగ్గుతుంది, వేగం కొద్దిగానే పోతుంది.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో మరెక్కడో పాత కార్డు కొంటున్నారా? 2022 సెప్టెంబరులో గ్రాఫిక్స్ కార్డులతో చేసే ఇథీరియం క్రిప్టోకరెన్సీ మైనింగ్ ఆగిపోయాక, రాత్రింబవళ్లు నడిచిన కార్డులు చాలా అమ్మకానికొచ్చాయి. వాటిలో చిప్ వేడిని రేకులకు అందించే థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉండొచ్చు. కొనేముందు అరగంట ఆట నడిపించి డిగ్రీలు చూడండి. దుకాణంలో ఏసీ 24లో ఉండగా కార్డు 80 చూపిస్తే, మీ 42 డిగ్రీల గది కోసం దానికి ఇంకో 18 కలుపుకోండి.