కమాండ్ ఉంది.. మాన్యువల్ లేదు! షెల్ 'బిల్టిన్'ల అసలు సంగతి ఇదీ

లైనక్స్ నేర్చుకునేవారు తొలిరోజే పట్టుకునే కమాండ్ 'సీడీ'. ఒక ఫోల్డర్‌లోంచి ఇంకో ఫోల్డర్‌లోకి వెళ్లాలంటే ఇదే దిక్కు. ఏ కమాండ్ గురించైనా తెలియాలంటే దాని ముందు 'మ్యాన్' అని కొట్టాలని కూడా తొలిరోజే చెబుతారు. మ్యాన్ అంటే మాన్యువల్‌కు పొట్టి పేరు. ఫైళ్ల జాబితా చూపే 'ఎల్ఎస్' కోసం 'మ్యాన్ ఎల్ఎస్' అని కొడితే బోలెడంత వివరణ వస్తుంది. ఉబుంటులో 'మ్యాన్ సీడీ' అని కొడితే మాత్రం మామూలుగా అలాంటి పేజీయే లేదని జవాబొస్తుంది. రోజూ వాడే కమాండ్‌కు మాన్యువల్ లేకపోవడమేంటి? సాఫ్ట్‌వేర్ సరిగా ఎక్కలేదేమోనని కంగారుపడి మళ్లీ ఇన్‌స్టాల్ చేసేవాళ్లూ ఉంటారు. నిజానికి లోపమేమీ లేదు. వెతికిన చోటే వేరు.

ఇంట్లో మనిషి, బయటి మనిషి

కొట్టిన లైన్‌ను చదివి, దాని ప్రకారం పని జరిపించే ప్రోగ్రామ్ పేరే షెల్. లైనక్స్‌లో ఎక్కువగా కనిపించేది 'బ్యాష్'. షెల్ పని చేయించే పద్ధతులు ముఖ్యంగా రెండు. మొదటిది, డిస్క్‌లో ఫైల్‌గా ఉన్న వేరే ప్రోగ్రామ్‌ను పిలవడం. 'ఎల్ఎస్' అలాంటిదే. షెల్ దానికోసం కొత్త ప్రాసెస్ ఒకటి పుట్టిస్తుంది, పని అయిపోగానే అది ముగిసిపోతుంది. రెండోది, ఎవరినీ పిలవకుండా షెల్ తన లోపలి కోడ్‌తో తానే పని చేసుకోవడం. ఇలాంటి కమాండ్‌లనే బిల్టిన్‌లు అంటారు. 'సీడీ' ఈ కోవలోది. దానికి వేరే ప్రోగ్రామ్ అవసరం లేదు కాబట్టి మాన్యువల్ కూడా విడిగా ఉండదు. దాని వివరణ షెల్ మాన్యువల్‌లోనే ఉంటుంది.

'సీడీ' లోపలే ఎందుకుండాలి?

దీని వెనుక ఒక చరిత్ర ఉంది. 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ యూనిక్స్ పని మొదలుపెట్టారు. తొలిరోజుల్లో ఫోల్డర్ మార్చే కమాండ్ కూడా మిగతావాటిలాగే ఒక మామూలు ప్రోగ్రామ్. అప్పట్లో దాని పేరు 'సీహెచ్‌డిర్'. ప్రతి కమాండ్‌కూ కొత్త ప్రాసెస్ పుట్టించే 'ఫోర్క్' పద్ధతి తెచ్చాక అది ఉన్నట్టుండి పనిచేయడం మానేసింది. కోడ్ అంతా గాలించాక గానీ కారణం బయటపడలేదని రిచీ తర్వాత రాశారు.

విషయం చాలా చిన్నది. కొత్తగా పుట్టిన ప్రాసెస్ తన ఫోల్డర్‌ను బుద్ధిగానే మార్చుకునేది, ఆ వెంటనే ముగిసిపోయేది. షెల్ మాత్రం ఎక్కడిదక్కడే ఉండిపోయేది. పిల్లాణ్ణి పక్క గదిలోకి పంపినంత మాత్రాన మనం పక్క గదిలోకి వెళ్లినట్టు కాదు కదా! అందుకే ఆ కమాండ్‌ను షెల్ లోపలికే తేవాల్సి వచ్చింది. 'ఎగ్జిట్', 'ఎక్స్‌పోర్ట్', 'యూమాస్క్' కూడా ఇదే కారణంతో బిల్టిన్‌లు. అవన్నీ షెల్ సొంత స్థితిని మార్చేవే. 'ఎకో', 'ప్రింట్ఎఫ్', 'టెస్ట్' లాంటివి బయట ప్రోగ్రామ్‌లుగా ఉన్నా షెల్‌లోనూ పెట్టారు. ప్రతిసారీ కొత్త ప్రాసెస్ పుట్టించే శ్రమ తప్పుతుంది, పని త్వరగా అవుతుంది.

ఒకే పేరు, ఇద్దరు మనుషులు

అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. పేజీ దొరక్కపోతే కనీసం దొరకలేదని తెలుస్తుంది. వేరేవారి పేజీ దొరికితే ఆ సంగతి కూడా తెలియదు. 'మ్యాన్ ఎకో' అని కొడితే లైనక్స్‌లో చక్కగా పేజీ తెరుచుకుంటుంది. కానీ అందులో ఉన్నది బయటి 'ఎకో' వివరణ. బ్యాష్‌లో మామూలుగా నడిచేదేమో లోపలి 'ఎకో'. షెల్‌కు సొంత ఎకో ఉండొచ్చు, దాని మాన్యువల్ చూసుకోండి అని ఆ పేజీలోనే ఒక హెచ్చరిక ఉంటుంది. దాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. తేడా చూడాలంటే బ్యాష్‌లో 'ఎకో' పక్కన రెండు హైఫన్‌లు పెట్టి 'హెల్ప్' అని కొడితే చాలు. సహాయం రాదు, ఆ మాటే తిరిగి స్క్రీన్ మీద పడుతుంది. అదే బయటి ఎకోను పూర్తి పాత్‌తో పిలిస్తే వాడకం వివరాలు చెబుతుంది.

'టైమ్' సంగతీ అంతే. దాని మాన్యువల్‌లో హైఫన్ వీ అనే ఆప్షన్ ఉంటుంది, మెమరీ ఎంత వాడిందో చూపిస్తుంది. బ్యాష్‌లో నేరుగా కొడితే హైఫన్ వీ అనే కమాండే లేదని ఎర్రర్ వస్తుంది. ఎందుకంటే అక్కడ 'టైమ్' బ్యాష్ సొంత కీవర్డ్.

సర్వర్ల దగ్గర ఇది ఇంకాస్త ముదురుతుంది. 2006లో వచ్చిన 6.10 వెర్షన్ నుంచి ఉబుంటులో 'ఎస్‌హెచ్' అంటే బ్యాష్ కాదు, 'డ్యాష్' అనే చిన్న షెల్. బ్యాష్‌లో 'ఎకో హైఫన్ ఈ' అని రాసి పరీక్షించిన స్క్రిప్ట్‌ను 'ఎస్‌హెచ్'తో నడిపిస్తే, ఆ హైఫన్ ఈ కూడా అక్షరాలుగా అచ్చయిపోతుంది. ఆ అవుట్‌పుట్ ఏ కాన్ఫిగరేషన్ ఫైల్‌లోకో వెళ్తే సర్వీస్ మొరాయించొచ్చు. స్క్రిప్ట్‌లో తప్పు కోసం గంటలు వెతికినా దొరకదు. మారింది స్క్రిప్ట్ కాదు, షెల్.

మరి ఏం చేయాలి?

ఒకే వీధిలో ఒకే పేరుతో ఇద్దరుంటే ముందు ఇంటిపేరు అడుగుతాం. కమాండ్‌కూ అదే సూత్రం. ఆ అడిగే పని 'టైప్' చేస్తుంది. అది కూడా ఒక బిల్టినే. 'టైప్ సీడీ' అంటే అది షెల్ బిల్టిన్ అని చెబుతుంది. 'టైప్ హైఫన్ ఏ ఎకో' అంటే లోపలిదీ, బయటిదీ రెండూ వరుసగా చూపిస్తుంది. ముందు కనిపించేదే నడిచేది. చాలామంది వాడే 'విచ్' బ్యాష్‌లో ఈ పనికి సరిపోదు. అది సాధారణంగా డిస్క్‌లోని ఫైళ్లనే వెతుకుతుంది, షెల్ లోపల ఏముందో దానికి తెలియదు.

బిల్టిన్ అని తేలితే బ్యాష్‌లో 'హెల్ప్ సీడీ' అని కొట్టాలి. ఒక్క 'హెల్ప్' అంటే మొత్తం జాబితా వస్తుంది. ఇంకా వివరంగా కావాలంటే 'మ్యాన్ బ్యాష్' తెరిచి, బిల్టిన్ కమాండ్‌ల భాగానికి వెళ్లాలి. బయటి ప్రోగ్రామ్ అని తేలితే మామూలు 'మ్యాన్' పేజీ చాలు. 2019 నుంచి కొత్త మ్యాక్‌లలో డిఫాల్ట్ షెల్ 'జెడ్ షెల్' కాబట్టి, అక్కడ బ్యాష్ 'హెల్ప్' ఉండదు. 'మ్యాన్' పక్కన 'జెడ్ఎస్‌హెచ్ బిల్టిన్స్' అని కలిపి కొట్టాలి. మ్యాక్‌లో 'మ్యాన్ సీడీ' అంటే పేజీ వస్తుంది గానీ, అది ఏ షెల్‌లో ఏ బిల్టిన్ ఉందో చెప్పే పట్టిక మాత్రమే.

లైనక్స్ అడ్మిన్ ఉద్యోగాలకు సిద్ధమయ్యేవారు వందల కమాండ్‌లు బట్టీ పట్టక్కర్లేదు. మరిచిపోయినా మాన్యువల్ ఉంది. అయితే మాన్యువల్ తెరిచే ముందు, ఈ కమాండ్ ఎవరిది అని 'టైప్'తో ఒక్కసారి అడగడం అలవాటు చేసుకుంటే మేలు. ఆ ఒక్క ప్రశ్నతోనే ఏ పేజీ చదవాలో తేలిపోతుంది.