సగం పూట... సంద్రం మీద!

గాలం వేస్తే చేప పడుతుందా లేదా అన్నది తరవాత సంగతి. అసలు ఎక్కడ వెయ్యాలో, ఎప్పుడు తీసెయ్యాలో తెలిసిన మనిషి పక్కనుంటే సముద్రం మీద ఆరు గంటలు ఎలా గడుస్తాయి? విశాఖ తీరంలో ఓ ఆదివారం పూట అనుభవం ఇది.

చలి. చీకటి. కాళ్ల కింద తడి ఇసుక. జనవరి నెలాఖరు, తెల్లవారుజామున నాలుగున్నర. విశాఖపట్నం బీచ్‌రోడ్డు మీదికి వాకింగ్ చేసేవాళ్లు కూడా ఇంకా రాలేదు. పెదజాలరిపేట ఒడ్డున మాత్రం అప్పటికే సందడి. ఒకరు వల మోస్తున్నారు, ఇంకొకరు ఇంజను భుజాన వేసుకున్నారు. టీ గ్లాసులు చేతులు మారుతున్నాయి.

మేం నలుగురం. నేనూ, ఫొటోగ్రాఫరూ, హైదరాబాద్ నుంచి వచ్చిన ఓ సాఫ్ట్‌వేర్ ఉద్యోగీ, అతని పదేళ్ల కొడుకూ. సగం పూట సముద్రంలో గాలం వేట, తోడుగా స్థానిక మత్స్యకారుడు, అందరికీ లైఫ్ జాకెట్లు... ఇదీ నిర్వాహకులు చెప్పిన ప్యాకేజీ. ఆ 'తోడు' మనిషికి అరవై దాటుంటాయి. బక్కపలచటి ఒళ్లు, మోకాళ్ల పైకి ఎగ్గట్టిన లుంగీ. బోటుకు పెద్దని ఇక్కడ తండేలు అంటారు. 2025లో వచ్చిన 'తండేల్' సినిమాతో ఆ మాట అందరికీ తెలిసిపోయింది.

'బాబాయ్, ఎక్కమంటారా?' అన్నాను.

'ఉండు బాబూ. కెరటాలు లెక్కెట్టనీ' అన్నాడు.

నిజంగానే లెక్కపెట్టాడు. పెద్ద కెరటాలు గుంపుగా వస్తాయి. ఆ గుంపు విరిగిపోయాక కాసేపు నీళ్లు నెమ్మదిస్తాయి. ఆ సందు దొరకగానే నలుగురు కుర్రాళ్లు బోటును తోశారు, ఇంజను అందుకుంది. తండేలు దోసెడు నీళ్లు తీసి బోటు మూతి మీద చల్లి, గంగమ్మకు దణ్ణం పెట్టుకున్నాడు. నేనూ చెయ్యి ముంచాను. ఒడ్డున వణికించిన చలికి ఆ నీళ్లు గోరువెచ్చగా తగిలాయి! బంగాళాఖాతం అంతే... ఏడాదిలో చాలా నెలలు పైనీటి వేడి 28 డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. చలికాలంలో కొంచెం తగ్గినా ఒడ్డు మీది గాలికన్నా నీళ్లే నయం.

సగం పూట లెక్క ఎవరిది?

ఈ 'సగం పూట' టూరిస్టుల కోసం పుట్టిందనుకున్నాను. కాదట. రాత్రంతా చల్లబడిన నేల మీంచి తెల్లవారుజామున గాలి సముద్రం వైపు వీస్తుంది. ఎండెక్కి నేల కాగాక సముద్రం మీంచి ఒడ్డుకు మళ్లుతుంది. ఇంజన్లు లేని రోజుల్లో ఈ రెండు గాలులే ఆధారం. తేలికపాటి దుంగల్ని తాళ్లతో బిగించి కట్టిన తెప్ప, దాని మీద ఓ చిన్న తెరచాప. 'పొద్దుటి గాలి తోసుకెల్తాది. మజ్జాన్నం గాలి తోలుకొస్తాది. మా తాతల కాలం నుంచీ ఇదే డూటీ' అని నవ్వాడు తండేలు.

ఇప్పుడు దుంగల తెప్పల స్థానంలో చాలావరకు ఫైబర్ బోట్లు వచ్చాయి. కానీ పలకరింపుల్లో మాత్రం ఫైబర్ బోటు కూడా తెప్పే!

తెల్లారేసరికి ఒడ్డు ఓ గీతలా మిగిలింది. ఉత్తరాన కైలాసగిరి, దక్షిణాన డాల్ఫిన్ నోస్ కొండ. తండేలు ఇంజను జోరు తగ్గించి, మాకు వీపు పెట్టి ఒడ్డు కేసి చూడటం మొదలుపెట్టాడు. చేపలు నీళ్లలో ఉంటే ఈయన ఒడ్డును చూస్తాడేమిటి? అదే అడిగాను.

'రాళ్లు ఎతుకుతన్నాను బాబూ.'

నీటి అడుగున రాళ్ల గుట్టలుంటాయి. వాటి చుట్టూ చిన్న చేపలు చేరతాయి. వాటి కోసం పెద్దవి వస్తాయి. ఇసుక మీద వేసిన గాలానికీ, రాళ్ల పక్కన వేసిన గాలానికీ పోలికే లేదు. అయితే పైన చూస్తే ఎక్కడ చూసినా ఒకటే నీలం. మరి గుర్తెలా? ఒడ్డున దగ్గరగా ఉన్న ఒక వస్తువూ, దాని వెనక దూరంగా ఉన్న ఓ కొండ కొనా ఒకే వరసలోకి రావాలి. అది ఒక గీత. పక్కకు తిరిగి చూస్తే మరో జత, మరో గీత. రెండు గీతలూ ఎక్కడ కోసుకుంటే రాళ్లు అక్కడ. మనం బడిలో జామెట్రీ బాక్సుతో నేర్చుకున్న పాఠాన్ని వీళ్లు తాడిచెట్లతో, కొండలతో నేర్చుకున్నారు.

'జీపీఎస్ ఉంది కదా తాతా?' అన్నాడు పిల్లాడు.

'ఉంది నాయనా. మావోడి ఫోన్లో ఉంది. బేటరీ అయిపోతే కొండ ఆరిపోద్దేటి?'

అయితే ఆ గుర్తులకూ కష్టాలొచ్చాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీద విరుచుకుపడినప్పుడు నగరంలో వేల చెట్లు నేలకూలాయి. వాటితోపాటే తండేలు దాచుకున్న గుర్తులు కొన్ని పోయాయి. తరవాత తీరం వెంట లేచిన ఎత్తైన మేడలు మరికొన్నిటిని కమ్మేశాయి. 'మరేం చేశారు?' అంటే, 'ఆ మేడల్నే గురుతులెట్టుకున్నాం' అని నవ్వేశాడు.

తంగూసు చెప్పే కబుర్లు

ఇంజను ఆగింది. మా ముగ్గురి చేతికీ రీలున్న గెడలు ఇచ్చారు. తండేలు మాత్రం పాత పద్ధతే... చెక్కకు చుట్టిన తంగూసు, చివర సీసం గుండు, గాలానికి రొయ్య ముక్క. తంగూసు చూపుడువేలు మీదుగా జారుతుంటే చేతులు చాచి బారలు లెక్కపెట్టాడు. పదిహేను బారల దగ్గర గుండు నేలకు తగిలింది. 'బురదైతే మెత్తగా దిగుద్ది. రాయైతే టక్కుమంటాది. ఇది రాయే' అన్నాడు. పదిహేను బారలంటే ఇంచుమించు తొంభై అడుగులు. అంత లోతు కబురు ఓ నైలాన్ దారం మీదుగా వేలికి అందుతోందన్నమాట!

మొదటి అరగంటా మాకు పడింది ఓపిక మాత్రమే. ఎర పోయేది, గాలం వచ్చేది. తరవాత ఉన్నట్టుండి పిల్లాడి గెడ వంగింది. ఒకేసారి రెండు కానాగంతలు! వీపు మీద నల్లటి చారలతో ఎండలో తళతళలాడాయి. వాళ్ల నాన్న ఫోన్ తీసి ఫొటోల మీద ఫొటోలు. కాసేపటికి నాకూ ఓ గులివింద. గింజలాగే ఎర్రటి చేప. పేరు పెట్టినవాళ్లకు దణ్ణం పెట్టాలనిపించింది.

ఈలోగా బోటుకు పాతిక గజాల దూరంలో ఓ తల పైకి లేచింది. తాబేలు. ఆలివ్ రిడ్లే జాతిది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఇవి గుడ్లు పెట్టడానికి ఈ తీరానికి వస్తాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వీటిని వేటాడటాన్ని నిషేధించింది. తండేలు చట్టం మాట ఎత్తలేదు. గాలాలన్నీ పైకి తీయించి, 'కూర్మనాథస్వామి. దాటనీండి' అన్నాడు. విష్ణుమూర్తిని కూర్మావతారంగా కొలిచే శ్రీకూర్మం ఉన్నది శ్రీకాకుళం జిల్లాలోనే కదా.

వదిలేసిన చేప

ఎనిమిదిన్నరకు పిల్లాడికి ఇంకో చేప పడింది. పార. అయితే అరచేయంతే ఉంది. తండేలు ముందు తన చేతిని నీళ్లలో తడుపుకున్నాడు. పొడి చెయ్యి తగిలితే చేప ఒంటి మీది జిగురు ఊడిపోతుందట. నెమ్మదిగా గాలం తప్పించి, చేపను నీళ్లలోకి జార్చేశాడు. పిల్లాడి మొహం చిన్నబోయింది.

'ఎదగాల నాయనా. వొచ్చే ఏడొచ్చి పట్టుకో' అన్నాడు.

'ఎప్పుడూ ఇలాగే వదిలేస్తారా బాబాయ్?' అని అడిగాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తరవాత చెప్పిన మాట ఈ ప్రయాణంలో నాకు దొరికిన అసలు చేప.

'అబద్ధమెందుకు బాబూ. వేటకెల్లిన రోజు వొదల్లేను. ఆయిలు కరుసు రావాల, ఐసు కరుసు రావాల. మిగిలిన దాంట్లో బోటుకో పాలు, వలకో పాలు, మనుసులకి తలో పాలు. సిన్నదో పెద్దదో తట్టలో ఎయ్యాల్సిందే. ఈయాల మీ డబ్బులు ముందే వొచ్చీసినాయి. అందుకే వొదిలేసినాను.'

తీరానికి దగ్గరి నీళ్లలో చేప తగ్గిందన్నది ఇక్కడ ఎవరిని కదిపినా వినిపించే మాట. నిబంధనల ప్రకారం తీరం నుంచి ఎనిమిది కిలోమీటర్ల దాకా ఉన్న సముద్రం సంప్రదాయ మత్స్యకారులది. మరపడవలు దాని అవతలే వేటాడాలి. ఆ గీత నీళ్ల మీద కనిపించేది కాదు. 2022 జనవరిలో రింగు వలల మీద ఇక్కడి మత్స్యకార గ్రామాల మధ్య రేగిన గొడవలో బోట్లు తగలబడ్డాయి. తట్టలో పడే చిన్న చేప వెనక ఇంత కథ ఉంది.

'అలాగైతే వారమంతా టూరిస్టుల్నే తిప్పొచ్చుగా' అన్నాడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. తండేలు నవ్వాడు. టూరిస్టులు వచ్చేది సెలవు రోజుల్లో, అదీ సముద్రం నెమ్మదిగా ఉన్న నెలల్లోనే. పేటలో ఉన్నవి వందల కుటుంబాలు. ఈ బేరం దొరికేది ఏ నలుగురికో. ఆయన కొడుకు వేట మానేసి నగరంలో ఆటో నడుపుతున్నాడు. ఒడ్డు గుర్తులు తెలిసినవాళ్లు తన తరవాత ఇంట్లో ఎవరూ లేరని ఆయన మామూలుగా చెప్పేశాడు. వినడానికి మాకే కష్టంగా అనిపించింది.

వెనక్కి!

తొమ్మిదిన్నర దాటింది. నడుస్తున్న బోటు వెనక వదిలిన తంగూసు ఒక్కసారిగా బిగిసింది. కోనాం! నీళ్లను చీల్చుకుంటూ పోతోంది. ఇద్దరు పట్టుకున్నా లాగలేకపోతున్నారు. రెండు నిమిషాలు... ఆ తరవాత తంగూసు వదులైపోయింది. గాలం పక్కన తెగిపోయింది. అందరం ఒక్కసారే 'అయ్యో' అన్నాం. 'ఇంకొక్కసారి' అన్నాడు పిల్లాడి తండ్రి.

తండేలు వినలేదు. దూరంగా నీళ్ల మీద నల్లటి చార ఒకటి కనిపించింది ఆయనకు. మాకు చూపించినా తెలియలేదు. 'గాలి బేగి తిరిగీసింది. ఎల్లిపోదాం.'

'పదకొండు దాకా టైముంది కదండీ? డబ్బులు కట్టాం.'

'డబ్బులు సేపకి కాదు బాబూ. మిమ్మల్ని ఒడ్డుకి సేర్సడానికి.'

అరగంటలో ఆ చార మమ్మల్ని అందుకుంది. అద్దంలా ఉన్న నీళ్లు గరుకెక్కాయి, తుంపర మొహాన కొట్టింది. ఒడ్డు దగ్గర కెరటాలు పొద్దుటికి రెట్టింపున్నాయి. తండేలు మళ్లీ ఆగి లెక్కపెట్టి, ఓ కెరటం వీపు మీద బోటును ఇసుక మీదికి ఎక్కించాడు. వెనకొచ్చిన కెరటం మమ్మల్ని నిలువునా తడిపింది. పిల్లాడు కేరింతలు కొట్టాడు. వాళ్ల నాన్న మాత్రం వెనక్కి తిరిగి సముద్రాన్ని చూసి, ఏమీ అనకుండా తండేలు చేతులు పట్టుకున్నాడు.

మా తట్టలో తేలిన లెక్క... పదకొండు కానాగంతలు, మూడు గులివిందలు. పేటలోనే ఓ అమ్మ వాటిని ఉప్పూ కారం పట్టించి వేయించి పెట్టింది. తింటూ పిల్లాడు అడిగాడు, 'తాతా, నేను వదిలేసిన చేప ఇప్పుడెక్కడుంటుంది?'

తండేలు లేచి, ముందు ఓ మేడనీ, దాని వెనక కొండనీ చూపించాడు. 'ఆ రెండూ వరసలోకి వొచ్చిన కాడ. గురుతెట్టుకో.'

పిల్లాడు చాలాసేపు అటే చూస్తూ కూర్చున్నాడు.

మీరూ వెళ్తారా?

* జనవరి నుంచి మార్చి దాకా అనుకూలం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరంలో వేట నిషేధం. ఆ తరవాత వర్షాలు, అక్టోబర్ నుంచి తుపాన్ల భయం.

* పర్యాటకుల్ని తీసుకెళ్లే అనుమతీ, ప్రతి ఒక్కరికీ లైఫ్ జాకెట్టూ ఉంటేనే బోటెక్కండి. ఈత వచ్చినా సరే, జాకెట్టు తీయొద్దు.

* ముందురోజు వాతావరణ శాఖ హెచ్చరికలు చూసుకోండి. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అలల ఎత్తు, గాలుల సమాచారం ఇస్తుంది.

* కడుపు తిప్పే గుణం ఉంటే ఖాళీ కడుపుతో వెళ్లొద్దు, బరువుగానూ తినొద్దు. బోటులో చూపు ఒడ్డు మీద నిలపండి.

* టోపీ, పొడుగు చేతుల చొక్కా, మంచినీళ్లు తప్పనిసరి. ప్లాస్టిక్, తెగిన తంగూసు నీళ్లలో పారేయొద్దు.

* తండేలు 'వెనక్కి' అంటే... వెనక్కే!