లెక్కల డిగ్రీ: కష్టము, ఫలము

మంచిర్యాల వైపు ఒక గ్రామములో గృహదర్శనమునకు వెళ్ళినప్పుడు ఒక తల్లి కన్నీళ్ళతో మాతో ఇలా అన్నది: "అయ్యగారూ, ఇంటర్ల లెక్కలల్ల అందరికంటె ఎక్కువ మార్కులు తెచ్చిన పిల్లగాడు, ఇప్పుడు డిగ్రీ బంద్ చేస్తనంటున్నడు." ఆ అబ్బాయి తల వంచుకొని, "నాకు తెలివి లేదు అయ్యగారూ" అన్నాడు.

అతనికి తెలివి లేక కాదు. డిగ్రీలో చదువు తీరే మారిపోతుందని అతనికి ఎవరూ ముందుగా చెప్పలేదు.

ఇంటర్ వరకు పద్ధతి నేర్చుకొని జవాబు రాబట్టితే చాలు. డిగ్రీ రెండవ సంవత్సరములో రియల్ అనాలిసిస్, ఆల్జీబ్రా వస్తాయి. అక్కడ జవాబు ముందే ఇచ్చి, "ఎందుకు నిజము?" అని అడుగుతారు. మా సంఘములోని లెక్కల మాస్టారు ఒకరు దీనిని చింతగింజలతో చూపించారు. మూడు, ఐదు కలిపితే ఎనిమిది, సరిసంఖ్య. అది ఒక ఉదాహరణ మాత్రమే. ఏ రెండు బేసి సంఖ్యలకైనా ఇది నిజమేనా? గింజలను జతలుగా పేర్చండి. ప్రతి బేసి కుప్పలోను ఒకటి మిగులుతుంది. మిగిలిన ఆ రెండూ కలిసి ఒక జత అవుతాయి. ఇక సందేహము లేదు. నిరూపణ అంటే ఇదే.

తెలుగు మీడియములో చదివిన పిల్లలకు ఇంగ్లీషు పుస్తకము మరొక భారము. ప్రతి నిర్వచనమును మొదట తమ తెలుగులో వ్రాసుకోవాలి. నిరూపణ చదివి, పుస్తకము మూసి, మరల వ్రాయాలి. ఇద్దరు ముగ్గురు కలిసి చదవాలి. ఒక లెక్క దగ్గర రోజంతా ఆగిపోవుట ఓటమి కాదు, ఆ చదువులో అది భాగమే.

తెలుగు కుటుంబములో 1920లో జన్మించిన సి.ఆర్.రావు గారు ఆంధ్ర విశ్వవిద్యాలయములో గణితము చదివారు. ఉద్యోగము కొరకు కలకత్తా వెళ్ళగా అది దొరకలేదు. అక్కడే 1941లో భారత గణాంక సంస్థలో చేరారు. 1945లో వారు ప్రచురించిన వ్యాసమును నేటికీ ప్రపంచమంతటా బోధిస్తున్నారు. 2023లో, 102 ఏళ్ళ వయస్సులో, అంతర్జాతీయ గణాంక బహుమతి పొందారు.

అందరూ రావు గారు కాలేరు. డిగ్రీ పట్టా ఒక్కటే ఉద్యోగము ఇవ్వదు కూడా. అయితే బి.ఎడ్. చేసి లెక్కల టీచరు కావచ్చు, ఎమ్మెస్సీ చదవవచ్చు, ఐసెట్ వ్రాసి ఎం.సి.ఏ.లో చేరవచ్చు. కరీంనగరులో 1956 నాటి ఎస్.ఆర్.ఆర్. ప్రభుత్వ కళాశాల ఉన్నది, 2008లో శాతవాహన విశ్వవిద్యాలయము వచ్చింది. డిగ్రీ కొరకు హైదరాబాదే పోనక్కరలేదు.

తల్లిదండ్రులారా, మార్కులు తగ్గిన సంవత్సరమున బిడ్డను పొరుగింటి పిల్లలతో పోల్చకండి. "ఎక్కడ ఆగినవు బిడ్డా?" అని అడగండి. మీకు లెక్క తెలియకపోయినా ఆ మాట వానికి బలము.

ఆ అబ్బాయి కాలేజీకి తిరిగి వెళ్ళాడు. ఒక పేపరు తప్పి, మరల వ్రాసి గట్టెక్కాడు. మొన్న కలిసినప్పుడు, "ఒక్క లెక్కకు మూడు దినాలు పట్టింది అయ్యగారూ" అన్నాడు. ఈసారి తల వంచుకోలేదు, నవ్వుతూ చెప్పాడు.