జర్మనీ చదువు: వీసా వేరు, నివాసానుమతి వేరు

మన సరిహద్దు గ్రామాల పిల్లలు ఉన్నత విద్యకై ఐరోపా దేశాలకు, ముఖ్యంగా జర్మనీకి వెళ్లాలని ఆశిస్తున్నారు. అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో అధిక భాగం బోధన రుసుము తీసుకోకపోవడమే ఇందుకు ప్రధాన కారణం. అయితే అన్ని చోట్లా ఈ వసతి లేదు. బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రం 2017 నుండి ఐరోపా సమాఖ్యకు వెలుపలి విద్యార్థుల వద్ద సెమిస్టరుకు 1,500 యూరోలు వసూలు చేస్తున్నది. కనుక పొలం తాకట్టు పెట్టక ముందే, చదువు కోసం అక్కడ నివసించే అనుమతి ఏ విధంగా లభిస్తుందో తల్లిదండ్రులు తెలుసుకోవడం శ్రేయస్కరం.

మొదట గ్రహించవలసిన విషయం ఒకటి ఉంది. వీసా అనేది గడప దాటడానికి ఇచ్చే అనుమతి మాత్రమే. చదువు పూర్తయ్యేవరకు అక్కడ ఉండడానికి నివాసానుమతి వేరుగా పొందాలి. మొదటిది ఇక్కడి జర్మనీ దౌత్య కార్యాలయం ఇస్తుంది. రెండవది అక్కడి నగరంలోని విదేశీయుల కార్యాలయం ఇస్తుంది.

వీసాకు కావలసినవి

విశ్వవిద్యాలయ ప్రవేశ పత్రం, ఆరోగ్య బీమా, జీవన వ్యయానికి ఆధారం ముఖ్యమైనవి. 2022 నవంబరు 1 నుండి భారతీయ విద్యార్థులలో అత్యధికులకు ఏ.పి.ఎస్. ధ్రువపత్రం కూడ తప్పనిసరి అయినది. మన మార్కుల పట్టికలు, పట్టాలు నిజమైనవేనని పరిశీలించి ఢిల్లీలోని సంస్థ దీనిని ఇస్తుంది. ఇది చేతికి రావడానికి సమయం పడుతుంది గనుక అన్నిటికంటె ముందు దీనికే దరఖాస్తు చేయాలి.

జీవన వ్యయానికి బ్లాక్డ్ అకౌంటులో సొమ్ము వేయాలి. 2024 సెప్టెంబరు నుండి ఆ మొత్తం ఏడాదికి 11,904 యూరోలు. యూరోకు నూరు రూపాయల చొప్పున లెక్కించినా ఇది దాదాపు 12 లక్షల రూపాయలు. ఇది రుసుము కాదు, విద్యార్థి సొంత సొమ్మే. అక్కడికి చేరిన తరువాత నెలకు 992 యూరోల వంతున అతని చేతికి వస్తుంది. ఈ ఖాతాకు బదులుగా గుర్తింపు పొందిన ఉపకార వేతనాన్ని గాని, జర్మనీ నివాసి ఒకరు అక్కడి కార్యాలయంలో ఇచ్చే అధికారిక హామీ పత్రాన్ని గాని చూపవచ్చు.

మన ప్రాంతంవారికి ప్రత్యేక జాగ్రత్త

తెలుగువారికి ఇంటిపేరు ముందుంటుంది. తమిళనాడు పాఠశాలల ధ్రువపత్రాలలో తండ్రి పేరు మొదటి అక్షరమే ఉంటుంది. కర్ణాటకలో కొందరికి ఊరిపేరు కూడ చేరుతుంది. పాస్‌పోర్టులో ఒక విధంగా, మార్కుల పట్టికలో మరొక విధంగా పేరుంటే అధికారులకు అనుమానం కలుగుతుంది. కనుక ముందుగానే సరిచేయించుకోవాలి. కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ భాషలలోని పత్రాలకు అనువాదం జతపరచాలి. ఏ కేంద్రంలో దరఖాస్తు ఇవ్వాలన్నది ఊరికి దగ్గరి నగరాన్ని బట్టి కాక, నివాస రాష్ట్రాన్ని బట్టి నిర్ణయమవుతుందని మరువరాదు.

అక్కడికి చేరిన పిదప

వీసా గడువు సాధారణంగా కొద్ది నెలలే. ఇల్లు కుదిరి అందులో చేరిన రెండు వారాలలోపు నగర కార్యాలయంలో చిరునామా నమోదు చేయించాలి. అందుకు ఇంటి యజమాని ఇచ్చిన పత్రం అవసరం. పిమ్మట వీసా గడువు తీరక ముందే నివాసానుమతికి దరఖాస్తు చేయాలి. సకాలంలో దరఖాస్తు చేసినవారికి నిర్ణయం వెలువడేవరకు పాత అనుమతి చెల్లుతుంది. గడువు దాటనిచ్చినవారికి ఆ రక్షణ ఉండదు. నివాసానుమతి సాధారణంగా రెండేళ్లకు ఇస్తారు. పొడిగించుకునేటప్పుడు జీవనాధారాన్ని తిరిగి చూపాలి.

2024 మార్చి నుండి విద్యార్థులు ఏడాదికి 140 పూర్తి దినాలు లేదా 280 అర దినాలు పని చేయవచ్చు. అయినా రాబోయే ఆ సంపాదనను నమ్ముకొని అప్పు చేయడం మంచిది కాదు. చదువు ముగిసిన తరువాత ఉద్యోగం వెదకుకొనడానికి 18 నెలల వరకు అనుమతి లభిస్తుంది.

మోసపోవద్దు

"ముందు పర్యాటక వీసాపై వెళ్లండి, అక్కడ విద్యార్థి వీసాగా మార్పిస్తాము" అని చెప్పేవారు ఉంటారు. భారతీయులకు అది కుదరదు. తిరిగి వచ్చి మొదటినుండి దరఖాస్తు చేయవలసినదే. వీసా నిరాకరణపై దౌత్య కార్యాలయంలోనే పునఃపరిశీలన కోరే పద్ధతి 2025 జూలై 1న రద్దయినది. ఇప్పుడు మరల దరఖాస్తు చేయాలి, లేదా బెర్లిన్ పరిపాలనా న్యాయస్థానాన్ని ఆశ్రయించాలి. అందుచేత తొలి దరఖాస్తే లోపం లేకుండా ఉండాలి. నకిలీ పత్రం ఒక్కటి ఇచ్చినా ఆ బిడ్డ భవిష్యత్తుకే ముప్పు.

పిల్లలను పంపదలచిన తల్లిదండ్రులు మధ్యవర్తి మాటకంటె దౌత్య కార్యాలయం వెలువరించిన పత్రాల జాబితానే ప్రమాణంగా తీసుకోవాలి. ఇంట్లో ఆంగ్లం చదవగలిగినవారు లేకపోతే ఊరి ఉపాధ్యాయునిచేత చదివించుకొని, ఆ తరువాతనే సొమ్ము చెల్లించండి.