లెక్కలకూ ఒక బల్ల



బడిలో సైన్సు ప్రదర్శన అనగానే ఇంట్లో హడావుడి మొదలవుతుంది. అట్టముక్కలు, రంగులు, వైర్లు కొనుక్కొచ్చి, రాత్రంతా కూర్చుని అగ్నిపర్వతమో గాలిమరో మనమే చేసేస్తాం. బిడ్డ దాని పక్కన నిలబడి, నేర్పిన నాలుగు ముక్కలూ అప్పజెప్పి వస్తుంది. పోనీ, ఆ పిల్లకి లెక్కలంటే ఇష్టమనుకోండి. "సైన్సులో లెక్కలేమిటే, ఎక్కాలు చూపిస్తావా?" అని నవ్వేస్తాం. ఆ పిల్ల మరి ఆ మాట ఎత్తదు.

నిజానికి అలా నవ్వాల్సిన పని లేదు. ఎన్.సి.ఇ.ఆర్.టి. వారు 1971 నుంచి జరుపుతూ వచ్చిన బాలల విజ్ఞాన ప్రదర్శనల్లో గణిత నమూనాలకూ చోటుంది. ఎలిమెంటరీ బడిలో వచ్చే చిక్కల్లా, లెక్కను బల్ల మీద ఎలా పెట్టాలో తెలియకపోవడమే. దానికి ఉపాయం ఒకటే. ఒక ప్రశ్న వేసుకుని, లెక్కపెట్టి, జవాబు కనుక్కోవాలి.

అప్పనపల్లి పిల్లలు ప్రశ్న కోసం దూరం వెళ్లనక్కర్లేదు. బాలబాలాజీ గుడికి వెళ్లే దారిలో, వైనతేయ గట్టున, ఎటు చూసినా కొబ్బరిచెట్లేగా! మట్టలు అందేంత ఎత్తున ఉన్న లేతచెట్టు ఎదుట నిలబడి మట్టల మొదళ్లు చూడండి. ఒకదాని నెత్తిన ఒకటి నిలువుగా ఉండవు. అయిదు వరుసలుగా, మెలికల మెట్లలా వాలుగా పైకి పోతాయి. కొన్ని చెట్లలో ఆ వాలు మన కుడికి, కొన్నింటిలో ఎడమకి. చెట్టు చుట్టూ తిరిగి అవతలి వైపు నుంచి చూసినా కుడి కుడే, ఎడమ ఎడమే. ఇది చూస్తే పెద్దవాళ్లం మనమే ఆశ్చర్యపోతాం.

ఇక ప్రశ్న: మన ఊళ్లో ఏ మెలిక చెట్లు ఎక్కువ?

ముందుగా పిల్ల తన ఊహ కాగితం మీద రాయాలి. తరువాత నూరు చెట్లు చూసి, ఒక్కో చెట్టుకు ఒక్కో గీత గీయాలి. వరుస తెలియని చెట్టును వదిలేసి, అలా ఎన్ని వదిలిందో కూడా రాయాలి. ప్రతి పది చెట్లకూ మొత్తం కట్టాలి. మొదటి పదిలో ఏడూ మూడూ వచ్చినా కంగారు పడనక్కర్లేదు. చెట్లు పెరిగేకొద్దీ సాధారణంగా అది సగానికి దగ్గరవుతుంది. ఎందుకో తెలియాలంటే రూపాయి బిళ్లను నూరుసార్లు ఎగరేయించండి. సరిగ్గా యాభై బొమ్మలు పడటం అరుదు. ఇలా నూరేసి చొప్పున చాలామంది పిల్లలు ఎగరేస్తే, నూటికి 96 మందికి బొమ్మలు 40కీ 60కీ మధ్యనే వస్తాయి. కాబట్టి 46 కుడి, 54 ఎడమ వస్తే "ఎడమవే ఎక్కువ" అని తీర్పు చెప్పకూడదు. ఆ తేడా అదృష్టవశాత్తూ రావచ్చు. ఈ సంగతి పిల్ల నోట వస్తే లెక్కలూ సైన్సూ రెండూ వచ్చినట్టే.

ఇది పిల్లల ఆట అనుకునేరు! కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో టి.ఎ. డేవిస్ అనే శాస్త్రజ్ఞుడు 1960 ప్రాంతాల్లో ఈ మెలికలనే లెక్కించారు. ఎడమ చెట్టు మొలకల్లోనూ ఇంచుమించు సగం కుడివే వచ్చాయనీ, అంటే ఇది తల్లిచెట్టు నుంచి సంక్రమించే గుణం కాదనీ 1962లో ప్రకటించారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన మన సి.ఆర్. రావుగారు దశాబ్దాల పాటు పనిచేసిన సంస్థ కూడా అదే.

బల్ల మీద మూడే వస్తువులు చాలు. పదేసి చెట్ల లెక్కతో గీసిన పటం, కాగితపు గొట్టాలకు కుడికొకటి, ఎడమకొకటి దారం చుట్టిన నమూనాలు, చూడవచ్చినవాళ్లు ఎగరేయడానికి ఒక రూపాయి బిళ్ల. ఖర్చు లేదు. గణితానికి వేరే బల్ల లేదంటే మొక్కల బల్ల దగ్గర పెట్టమనండి, తప్పేం లేదు.

ఒక్క జాగ్రత్త. కాయలున్న చెట్టు కింద పిల్లల్ని నిలబెట్టకండి, దింపు రోజున తోటకే పంపకండి. పెద్దవాళ్లు వెంట ఉండాలి. ఉన్నాం కదా అని గీతలు మనం గీయకూడదు సుమండీ! పిల్ల గీసిన వంకర గీతల కాగితాన్నే బల్ల మీద పెట్టనివ్వండి. చూడవచ్చిన మాస్టారు "ఇది నీకెలా తెలిసింది?" అని అడిగితే, "నేనే లెక్కపెట్టానండీ" అని చెప్పగలుగుతుంది.